కనెక్టెడ్ కారు ప్రాజెక్టు డైరీ: ఈ డేటా వయసెంత?

పని ఏమిటంటే

రెండు కార్లు. ఒకటి నాది, ఇంకోటి మా బావది. రెండింటిలోనూ ఒక రాస్ప్‌బెర్రీ పై బోర్డు (చిన్న కంప్యూటర్, ఇక్కణ్నుంచి దీన్ని "పై" అంటాను), ఒక 4జీ మోడెమ్, ఒక జీపీఎస్ రిసీవర్ పెట్టి, కారు లోపలి డేటాను క్లౌడ్‌కి పంపాలి. అక్కడ దాచుకోవాలి, మ్యాప్ మీద చూసుకోవాలి. ఇక్కడిదాకా చాలామంది చేసిందే. నాకు ఆసక్తి ఉన్నది తర్వాతి భాగం మీద. ముందు కారు గట్టిగా బ్రేకు వేస్తే వెనక కారులో హెచ్చరిక మోగాలి. ఆ కబురు క్లౌడ్ గుండా రావాలా, దగ్గర్లోని సర్వర్ గుండా రావాలా, కారు నుంచి కారుకి రేడియోలో నేరుగా రావాలా? ఇది చేతులతో చేసి చూసి తేల్చుకుందామని మొదలుపెట్టాను.

కారు వైపు

స్టీరింగ్ కింద ఉండే, కారు కంప్యూటర్‌తో మాట్లాడటానికి వాడే ఓబీడీ-2 సాకెట్ నుంచే అంతా మొదలు. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి ఇది తప్పనిసరి అయింది. దాని వెనక క్యాన్ బస్ (కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే తీగలు) ఉండాలన్న నిబంధన 2008 నుంచి వచ్చింది. క్యాన్‌ని బాష్ కంపెనీ 1986లో బయటపెట్టింది. రెండు తీగలు, సెకనుకు 500 కిలోబిట్లు, ఒక్కో ఫ్రేములో ఎనిమిది బైట్లు. ఇప్పటి లెక్కల్లో ఇదేం వేగం అనిపిస్తుంది కానీ, ఇంజన్ గదిలోని విద్యుత్ రొదలో ఇన్నేళ్లుగా నిలబడింది.

రాస్ప్‌బెర్రీ పైకి క్యాన్ భాష రాదు కాబట్టి ఎమ్‌సీపీ2515 చిప్ ఉన్న చిన్న మాడ్యూల్ తగిలించాను. దీన్ని వాడబోయేవాళ్లు మూడు విషయాలు చూసుకోవాలి. ఒకటి, మాడ్యూల్ మీద ఉన్న క్రిస్టల్ 8 మెగాహెర్ట్జ్‌దా 16దా అన్నది. పై కాన్ఫిగరేషన్‌లో అదే అంకె ఇవ్వకపోతే బిట్‌రేటు రెట్టింపో సగమో అయిపోయి, బస్ మీద తప్పుల వర్షం కురుస్తుంది. రెండు, మాడ్యూల్‌కి 5 వోల్టులు ఇస్తే అది పంపే సిగ్నల్ కూడా 5 వోల్టులే, పై పిన్నులు తట్టుకునేది 3.3 మాత్రమే. మధ్యలో లెవల్ షిఫ్టర్ ఉండాల్సిందే. మూడోది చాలామందికి తట్టదు: మాడ్యూల్ మీద 120 ఓముల టెర్మినేషన్ జంపర్ ఉంటుంది, అది తీసెయ్యాలి. కారు బస్‌కి రెండు చివరలా ఆ రెసిస్టర్లు ముందే ఉన్నాయి. ఇగ్నిషన్ ఆపేసి ఓబీడీ సాకెట్ 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే సాధారణంగా 60 ఓములు చూపించాలి. జంపర్ అలాగే ఉంచి తగిలిస్తే 40కి పడిపోతుంది.

ఆ తర్వాత అంతా సాఫీగానే సాగింది. లైనక్స్‌లో సాకెట్‌క్యాన్ ఉంది కాబట్టి క్యాన్ కూడా ఒక నెట్‌వర్క్ కార్డులాగే కనిపిస్తుంది. హెక్సాలో 7డీఎఫ్ అనే ఐడీతో ప్రశ్న వేస్తే ఇంజన్ కంప్యూటర్ 7ఈ8 ఐడీతో జవాబిస్తుంది. 0డీ అడిగితే వేగం నేరుగా కిలోమీటర్లలో వస్తుంది. 0సీ అడిగితే ఇంజన్ ఆర్పీఎమ్ రెండు బైట్లలో వస్తుంది, మొదటి బైటుని 256తో గుణించి, రెండోది కలిపి, మొత్తాన్ని 4తో భాగించుకోవాలి.

ఒక తిరకాసు మాత్రం ఉంది. ఓబీడీ అంటే అడిగితే చెప్పేది, తనంతట తాను చెప్పేది కాదు. ఒక్కో ప్రశ్నకి జవాబు రావడానికి 50 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు. ఆరేడు విలువలు వరసగా అడిగితే, చివరిది చేతికొచ్చేసరికి మొదటిది మూడో వంతు సెకను పాతదై కూర్చుంటుంది. డేటా ఇంకా కారు దాటనే లేదు, అప్పుడే దానికి వయసు మొదలైంది. అందుకని వేగాన్ని ప్రతి చుట్టులోనూ అడుగుతూ, కూలెంట్ ఉష్ణోగ్రతలాంటి నిదానంగా మారేవాటిని చాలా చుట్లకోసారి అడిగేలా రాశాను. ఇంజన్ వేడి అరసెకనులో మారిపోదు కదా.

కరెంటు సంగతి

ఓబీడీ సాకెట్ 16వ పిన్నులో కారు ఆపేసినా బ్యాటరీ కరెంటు ఉంటుంది. పై, మోడెమ్ కలిపి ఊరికే ఉన్నప్పుడు 3 వాట్లు తాగుతాయనుకుందాం. 12 వోల్టుల దగ్గర అది పావు ఆంపియర్, అంటే రోజుకి 6 ఆంపియర్ అవర్లు. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ వారం రోజుల్లో గుల్ల. స్టార్టర్ మోటారు అంతకంటే ముందే మొండికేస్తుంది.

అందుకే బ్యాటరీ వోల్టేజీ చూసి నిర్ణయం తీసుకునే చిన్న సర్క్యూట్ పెట్టాను. ఇంజన్ తిరుగుతుంటే ఆల్టర్నేటర్ వల్ల 13.5 పైన ఉంటుంది, ఆపేశాక 12.6 దగ్గరికి దిగుతుంది. కొత్త కార్లలో కొన్ని ఆల్టర్నేటర్‌ని తమకు నచ్చినప్పుడు తగ్గించుకుంటాయి, కాబట్టి ఆర్పీఎమ్ కూడా సున్నా అయితేనే షట్‌డౌన్. సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా కిందికి పడుతుంది కాబట్టి, ఆ క్షణం గట్టెక్కడానికి ఒక సూపర్ కెపాసిటర్ చేర్చాను. మెమరీ కార్డులో సిస్టమ్ భాగాన్ని రీడ్-ఓన్లీ చేసి, డేటాకి మాత్రం వేరే పార్టిషన్ ఇచ్చాను. కరెంటు హఠాత్తుగా పోవడం కారులో రోజువారీ వ్యవహారం.

గడియారాలు

"డేటా ఎంత పాతది" అని అడగాలంటే రెండు చివరలా గడియారాలు కలవాలి. ఇది తేలిక పని అనుకుంటారు, కాదు. చాలా రాస్ప్‌బెర్రీ పై మోడళ్లలో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. కారు నేలమాళిగలో స్టార్ట్ అయితే నెట్ లేదు, జీపీఎస్ లేదు, పై తనకి చివరిసారి గుర్తున్న టైముతోనే లేస్తుంది. అప్పుడు రాసిన రికార్డుల మీద ఏ టైము వెయ్యాలి?

నేను ఎంచుకున్న దారి ఇది. ప్రతి రికార్డుకీ ముందు బూట్ అయినప్పటి నుంచి గడిచిన టైము వేస్తాను. అది ఎప్పుడూ వెనక్కి పోదు. అసలు టైము తెలిశాక తేడా లెక్కగట్టి, అప్పటిదాకా పోగైన రికార్డులన్నిటికీ వెనక్కి వెళ్లి సరైన టైము రాస్తాను.

జీపీఎస్ విషయంలోనూ ఒక మెలిక ఉంది. రిసీవర్ పంపే ఎన్‌ఎమ్‌ఈఏ వాక్యాలు 9600 బాడ్ సీరియల్ లైను మీద నడిచి వస్తాయి. టైము వాక్యం చేతికందేసరికి అందులో రాసిన క్షణం దాటిపోయి కొన్ని వందల మిల్లీసెకన్లు అవుతుంది. రిసీవర్‌లో పీపీఎస్ అనే పిన్ను ఉంటుంది, సరిగ్గా సెకను మొదలైన క్షణాన ఒక పల్స్ ఇస్తుంది. వాక్యం "ఏ సెకను" అన్నది చెబితే, పల్స్ "ఇదిగో ఇప్పుడే" అంటుంది. రెండూ గడియారాన్ని సరిచేసే క్రోనీ ప్రోగ్రాముకి ఇచ్చాక గడియారం మైక్రోసెకన్ల స్థాయిలో కుదురుకుంది. పీపీఎస్ పిన్ను బయటికి లేని రిసీవర్ కొనకండి.

ఇంకో మాట. ఎన్‌ఎమ్‌ఈఏలో 4530.0000 అని వస్తే అది 45.30 డిగ్రీలు కాదు. 45 డిగ్రీల 30 నిమిషాలు, అంటే 45.5. మ్యాప్ మీద కారు రోడ్డు పక్క చెరువులో తేలుతుంటే ముందు ఇక్కడ చూడండి.

క్లౌడ్ దాకా

రవాణాకి ఎమ్‌క్యూటీటీ తీసుకున్నాను. 1999లో ఐబీఎమ్‌కి చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్కామ్ కంపెనీకి చెందిన ఆర్లెన్ నిప్పర్ కలిసి చమురు పైపులైన్ల మీటర్లని శాటిలైట్ లింకుల మీద చదవడానికి తయారుచేసిన ప్రోటోకాల్ ఇది. సన్నని, తెగిపోయే లింకుల కోసం పుట్టింది కాబట్టి కారుకి సరిపోతుంది. హెడర్ రెండు బైట్ల నుంచే మొదలవుతుంది. మెసేజ్‌లు అందుకుని పంచే బ్రోకర్‌గా మస్కిటో, పోర్టు 8883, టీఎల్‌ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా చేసే తాళం) తప్పనిసరి.

అందరూ ముందు చేసే పనే నేనూ చేశాను, అక్షరాల్లో రాసే జేసన్ తీసేసి, బైట్లలో కుదించి రాసే ప్రోటోబఫ్ పెట్టాను. ఒక రికార్డు 200 బైట్ల నుంచి 40కి దిగింది. కానీ కింద టీఎల్‌ఎస్, టీసీపీ, ఐపీ హెడర్లు కలిసి ఒక్కో ప్యాకెట్‌కి సుమారు 80 బైట్లు అవుతాయి. సెకనుకు పది రికార్డులు విడివిడిగా పంపితే జేసన్‌లో 2800 బైట్లు, ప్రోటోబఫ్‌లో 1200. అదే పదింటినీ ఒక్క కట్టగా కట్టి సెకనుకోసారి పంపితే ప్రోటోబఫ్‌లో 480 చాలు. డేటా బిల్లు కళ్లతో చూస్తే కట్టే గెలిచింది.

అయితే కట్టలో మొదట చేరిన రికార్డు బయల్దేరేసరికే సెకను పాతబడింది. ఇక్కడే ఈ ప్రాజెక్టు మొత్తానికి పనికొచ్చే పద్ధతి ఒకటి దొరికింది. ప్రతి విలువ పక్కనా "ఇది ఎంత పాతదైతే పనికిరాదు" అని ఒక అంకె రాసుకోవడం. ఇంధన మట్టం: నిమిషాలు. మ్యాప్ మీద స్థానం: రెండు మూడు సెకన్లు. ఇంజన్ ఎర్రర్ కోడ్: గంట ఆలస్యమైనా పర్లేదు, కానీ పోకూడదు. బ్రేకు: సెకనులో చిన్న ముక్క. ఈ పట్టిక రాసుకున్నాక ఏది కట్టలో పోవాలి, ఏది విడిగా పోవాలి, దేనికి క్యూఓఎస్ 1 (అందినట్టు జవాబు కోరడం) కావాలి, దేనికి సున్నా (ఒకసారి పంపి వదిలేయడం) చాలు అన్న తర్జనభర్జనలు చాలావరకు సద్దుమణిగాయి.

ఎమ్‌క్యూటీటీ 5.0 వెర్షన్ 2019లో ఓఏఎస్‌ఐఎస్ అనే సంస్థ ప్రమాణమైంది. అందులో మెసేజ్ గడువు అనే ఫీల్డు ఉంది. గడువు దాటిన మెసేజ్‌ని బ్రోకరే పారేస్తుంది, తన దగ్గర ఎంతసేపు ఆగిందో అంత తగ్గించి ముందుకి పంపుతుంది. చాలా తెలివైన ఏర్పాటు. కాకపోతే అది పూర్తి సెకన్లలోనే ఉంటుంది, బ్రేకు లాంటివాటికి పనికిరాదు.

కారు లైన్లో ఉందా లేదా అన్నది తెలియడానికి కీప్‌అలైవ్ ఉంది. దాన్ని 60 సెకన్లు పెడితే, దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 90 సెకన్లు మాట లేకపోతేనే బ్రోకర్ కారు పోయిందని తేల్చి, కారు ముందే రాసిచ్చిన లాస్ట్ విల్ మెసేజ్ బయటికి వదులుతుంది. అప్పటిదాకా డాష్‌బోర్డు మీద పచ్చ చుక్క వెలుగుతూనే ఉంటుంది. నేను 20కి తగ్గించాను. దాంతోపాటు డాష్‌బోర్డులో పచ్చ చుక్క తీసేసి, "చివరి కబురు ఇన్ని సెకన్ల క్రితం" అని అంకె వేశాను. అంకె చూస్తే ఎవరికైనా పరిస్థితి అర్థమవుతుంది.

రోడ్డు మీద: సొరంగం

బావ నడిపాడు, నేను పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. సగటు ఆలస్యం చూస్తే ముచ్చటగా ఉంది, వంద మిల్లీసెకన్ల లోపే. సగటుని మాత్రం నమ్మొద్దు. మెసేజ్‌లని ఆలస్యం ప్రకారం వరసపెట్టి, వందలో తొంభైతొమ్మిదో స్థానంలో ఉన్నది ఎంత ఆలస్యమైందో చూస్తే సెకన్లలోకి పోతోంది. ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి మారే చోట, వంతెన కింద, రద్దీ కూడలిలో ఈ ఆలస్యాల తోక పొడుగవుతోంది.

పెద్ద చిక్కు సొరంగం దగ్గర వచ్చింది. ఒక నిమిషం సిగ్నల్ లేదు, అది ఎలాగూ తప్పదు. బయటికొచ్చాక కూడా చాలాసేపు డేటా రాలేదు. మోడెమ్ మీద సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, పింగ్ పోతోంది, ఎమ్‌క్యూటీటీ మాత్రం ఉలకదు పలకదు.

కారణం ఎమ్‌క్యూటీటీ కింద ప్యాకెట్లు మోసే టీసీపీ మర్యాద. ప్యాకెట్‌కి జవాబు రాకపోతే అది మళ్లీ పంపుతుంది, ప్రతిసారీ ఆగే సమయాన్ని రెట్టింపు చేస్తూ పోతుంది. లైనక్స్‌లో కనీసం 200 మిల్లీసెకన్లతో మొదలవుతుంది. అలా రెట్టింపవుతూ పోతే మళ్లీ పంపే క్షణాలు 0.2, 0.6, 1.4, 3, 6.2, 12.6, 25.4, 51, ఆ తర్వాతది 102వ సెకను. 55వ సెకనులో సొరంగం దాటి వెలుగులోకి వచ్చామనుకోండి, టీసీపీకి ఆ సంగతి తెలియదు. 102 దాకా కళ్లు మూసుకుని కూర్చుంటుంది. నెట్‌వర్క్ కిక్కిరిసి ఉన్నప్పుడు వెనక్కి తగ్గాలన్న మంచి బుద్ధితో పెట్టిన నియమం, సొరంగంలో ఇలా పనిచేస్తుంది.

మందు సులువే. టీసీపీ యూజర్ టైమౌట్ అనే సాకెట్ ఆప్షన్‌ని పది సెకన్లకి పెడితే, అంతసేపు జవాబు లేని కనెక్షన్‌ని కెర్నెలే తెంపేస్తుంది. మన ప్రోగ్రాము కొత్త కనెక్షన్ కోసం ప్రయత్నిస్తుంది. టీఎల్‌ఎస్ 1.3లో చేతులు కలపడానికి ఒక్క రౌండ్ ట్రిప్ చాలు కాబట్టి తిరిగి కలవడం త్వరగానే అయిపోతుంది. క్విక్ ప్రోటోకాల్‌లో కనెక్షన్‌కి తన సొంత ఐడీ ఉంటుంది, ఐపీ అడ్రసు మారినా తెగదు. కదిలే వాహనానికి అదే మేలనిపిస్తోంది, కానీ నా బ్రోకర్ దాని మీద నడవదు. అది వేరే సెలవుల పని.

తెగిన కనెక్షన్ తిరిగి కలిశాక ఇంకో కథ. సొరంగంలో పోగైన రికార్డులన్నీ ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో దాచుకున్నాను. కలవగానే అవన్నీ వరసగా బయల్దేరాయి, పాతవి ముందు. మోడెమ్ లోపలి బఫర్ నిండిపోయి, ఇప్పుడే చదివిన తాజా వేగం ఆ గుంపు వెనక నిలబడింది. డాష్‌బోర్డులో కారు సొరంగం లోపల నింపాదిగా ప్రయాణిస్తోంది, నిజం కారేమో ఎప్పుడో కూడలి దాటేసింది.

దీని మీద ఒక చక్కటి సిద్ధాంతం ఉంది. సంజిత్ కౌల్, మార్కో గ్రుటెసర్ తదితరులు 2011లో వాహనాల నెట్‌వర్కుల గురించే ఆలోచిస్తూ "సమాచారం వయసు" అనే కొలతని ముందుకు తెచ్చారు. మరుసటి ఏడాది రాయ్ యేట్స్‌తో కలిసి దాని గణితం తేల్చారు. ఎక్కువ పంపేకొద్దీ సమాచారం తాజాగా ఉంటుందనుకుంటాం. కానీ ముందొచ్చింది ముందు పోయే క్యూలో, ఒక హద్దు దాటి పంపితే మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి వయసు పెరుగుతుంది. మెసేజ్‌లు ఎడాపెడా వచ్చిపడే అతి మామూలు నమూనాలో, లింకుని 53 శాతం దగ్గర వాడుకుంటేనే సగటు వయసు తక్కువ. అంటే దాదాపు సగం లింకు ఖాళీగా ఉంచాలి! తర్వాత వచ్చినదాన్ని ముందు పంపే క్యూ అయితే ఇంకా మెరుగు.

అది చదివాక క్యూని తిరగేశాను. "ఇప్పుడు" అనే టాపిక్ ఒకటి, "చరిత్ర" అనే టాపిక్ ఒకటి. "ఇప్పుడు"లో ఎప్పుడూ ఒకే ఒక్క రికార్డు ఉంటుంది, కొత్తది రాగానే పాతదాన్ని తోసేస్తుంది. "చరిత్ర" క్యూఓఎస్ 1తో, వేగానికి కళ్లెం వేసి, నెమ్మదిగా వెనక నుంచి నింపుకుంటూ వస్తుంది. ఆ రోజు నుంచి సొరంగం దాటిన వెంటనే కారు మ్యాప్ మీద సరైన చోటే కనిపిస్తోంది, వెనక ఖాళీ గీత మెల్లగా పూడుతోంది. ఇప్పటిదాకా ఇందులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

క్లౌడ్ లోపల

దీని గురించి పెద్దగా రాయడానికి లేదు. రెండు కార్లకి కాఫ్కా (మెసేజ్‌లని వరసల్లో దాచి అందించే వ్యవస్థ) అవసరం లేదు, అయినా నేర్చుకోవడానికి పెట్టాను. వాహనం ఐడీని కీగా ఇస్తే ఒక కారు మెసేజ్‌లన్నీ ఒకే పార్టిషన్‌లోకి పోతాయి, వరస చెడదు. క్యూఓఎస్ 1 అంటే "కనీసం ఒకసారి", కాబట్టి ఒకే రికార్డు రెండుసార్లు రావొచ్చు. వాహనం ఐడీ, బూట్ నంబరు, వరస నంబరు కలిపి ప్రైమరీ కీ చేస్తే రెండోది దానంతటదే పక్కకు పోతుంది. టైమ్‌స్కేల్‌డీబీ డేటాబేస్‌లో ప్రతి వరసకీ రెండు టైములు దాచాను: కారులో జరిగిన టైము, క్లౌడ్‌కి చేరిన టైము. రెండింటి తేడాయే వయసు. పటాలన్నీ మొదటిదాని మీద గీయాలి, అలారాలన్నీ రెండింటి తేడా మీద పెట్టాలి.

బావ అడిగిన ప్రశ్న

బ్రేకు హెచ్చరికని మొదట క్లౌడ్ గుండానే పంపి చూశాం. ఖాళీ మైదానంలో, రెండు కార్ల మధ్య బాగా దూరం పెట్టి. పని చేసింది. బావకి మాత్రం నచ్చలేదు.

"బావా, నా స్పీడు నా మీటర్లోనే ఉంది కదా. దాన్ని అంత దూరం పంపి మళ్లీ తెచ్చుకోవడమెందుకు?"

"నీకోసం కాదు బావా, నీ వెనకొచ్చేవాడి కోసం."

"వాడు నా వెనకే ఉన్నాడుగా. వాడికి నేరుగా చెప్పలేమా?"

చెప్పొచ్చు. అయితే ముందు క్లౌడ్‌కి దక్కాల్సిన మార్కులు దానికి ఇవ్వాలి. గంటకి 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 20 మీటర్లు. వంద మిల్లీసెకన్ల ఆలస్యం రెండు మీటర్లతో సమానం. మనిషి చూసి, తెలుసుకుని, బ్రేకు మీద కాలు వెయ్యడానికి ఎలాగూ ఒక సెకను పైనే పడుతుంది. ఆ లెక్కన మామూలు రోజున క్లౌడ్ హెచ్చరిక కూడా డ్రైవర్‌కి సాయమే. ఇబ్బందంతా ఆ తోకతోనే. ఒక్కోసారి రెండు సెకన్లు ఆలస్యమైతే 40 మీటర్లు పోయాయి. ఏ మెసేజ్ ఆలస్యమవుతుందో ముందే తెలియదు, రద్దీ ఎక్కువున్న చోటే టవర్ కూడా ఇరుకవుతుంది. అంటే హెచ్చరిక ఎక్కడ ఎక్కువ కావాలో సరిగ్గా అక్కడే అది జాగు చేస్తుంది.

ఎడ్జ్ సర్వర్, అంటే దగ్గర్లోని సర్వర్ పెడితే? గాజు తీగలో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్ల దూరంలోని డేటా సెంటర్‌కి పోయి రావడానికి 10 మిల్లీసెకన్లు, మధ్యలో రౌటర్ల ఆలస్యాలు అదనం. దగ్గర్లోని డేటా సెంటర్‌కి బ్రోకర్‌ని మార్చి కొలిస్తే సగటు బాగానే తగ్గింది. తోక మాత్రం దాదాపు అలాగే ఉంది, ఎందుకంటే అది పుట్టేది గాలిలో, కారుకీ టవర్‌కీ మధ్య. టవర్ పక్కనే సర్వర్ పెట్టే పద్ధతికి యూరప్ ప్రమాణాల సంస్థ ఈటీఎస్‌ఐ 2014లోనే ఒక బృందాన్ని పెట్టి ప్రమాణాలు రాయడం మొదలుపెట్టింది. అది బాగుంది. మలుపు అవతల వాహనం ఆగి ఉందనో, కిలోమీటరు ముందు రోడ్డు జారుడుగా ఉందనో చెప్పడానికి భేషుగ్గా ఉంటుంది. సిగ్నల్ లేని చోట మాత్రం టవర్ పక్కన ఎంత పెద్ద సర్వర్ పెట్టినా ఒకటే.

నేరుగా రేడియో

ఇక్కడ రెండు వంశాలున్నాయి. ఒకటి వైఫై వంశం: 2010లో వచ్చిన 802.11పీ. 5.9 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 10 మెగాహెర్ట్జ్ ఛానెళ్లు. మామూలు వైఫైలా ముందు కనెక్ట్ అవ్వడం, పాస్‌వర్డ్ ఇవ్వడం ఏవీ ఉండవు, ఎదురుపడిన క్షణమే మాట్లాడొచ్చు. రెండోది సెల్యులార్ వంశం: మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ రిలీజ్ 14లో వచ్చిన సీ-వీ2ఎక్స్. టవర్‌తో పనిలేకుండా ఫోను చిప్‌లాంటిదే నేరుగా పక్క కారుతో మాట్లాడుతుంది. ఈ రెండింటి మధ్య ఏళ్ల తరబడి పోటీ నడిచింది. అమెరికాలో రేడియో తరంగాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1999లో ఈ బ్యాండ్‌లో 75 మెగాహెర్ట్జ్ వాహనాలకని కేటాయించి, 2020లో అందులో 45 తీసి మామూలు వైఫైకి ఇచ్చేసి, మిగిలిన 30ని సీ-వీ2ఎక్స్‌కి మళ్లించింది. యూరప్‌లో ఫోక్స్‌వాగన్ ఎనిమిదో తరం గోల్ఫ్‌లో వైఫై వంశాన్నే పెట్టింది. వాహనం ఎక్కువ కాలం బతుకుతుంది, ఇలాంటి నిర్ణయం మధ్యలో మారితే రోడ్డు మీద ఉన్న కార్లు పరస్పరం మూగబోతాయి. ఈ విషయంలో నాకు ఇంజనీర్ల కంటే నియంత్రణ సంస్థల మీదే ఎక్కువ చిరాకు.

ఆ బ్యాండ్‌లో నా ఇష్టానికి ప్రసారం చేసే హక్కు నాకు లేదు కాబట్టి ఈ భాగం సిమ్యులేషన్‌లోనే. రోడ్డు, కార్ల కదలిక అంతా సుమో అనే సిమ్యులేటర్ చూసుకుంటుంది, రేడియోని ఓమ్‌నెట్++ చూసుకుంటుంది, రెండింటినీ వీన్స్ కలుపుతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి ఒక కూడలి తీసుకుని భవనాలు కూడా పెట్టాను.

ముందు కాగితం మీద లెక్క. 300 బైట్ల మెసేజ్‌ని 6 మెగాబిట్ల వేగంతో పంపితే గాలిలో 448 మైక్రోసెకన్లు పడుతుంది. మధ్య విరామాలు కలిపితే అర మిల్లీసెకను అనుకోవచ్చు. ప్రతి కారూ సెకనుకి పది మెసేజ్‌లు పంపితే, 200 కార్లతో ఛానెల్ పూర్తిగా నిండిపోతుంది. ఆరు వరసల రోడ్డు మీద ట్రాఫిక్ జామ్ ఊహించండి. ఎనిమిది మీటర్లకో కారు, రేడియో అందే పరిధి అటూ ఇటూ 300 మీటర్లు. లెక్క వేస్తే 450 కార్లు. సెకనులో రెండు సెకన్లకి పైగా గాలి కావాలి! ఇది కుదిరే పని కాదు.

సిమ్యులేషన్ కూడా అదే చెప్పింది, ఇంకాస్త ముందుగానే చెప్పింది. కార్లు పెరుగుతుంటే, ఛానెల్ నిండక ముందే మెసేజ్‌లు రాలిపోవడం మొదలైంది. ఇది అందరికీ వినిపించే ప్రసారం కాబట్టి "అందింది" అనే జవాబు ఉండదు. రెండు మెసేజ్‌లు ఢీకొన్నా పంపినవాళ్లకి తెలియదు. కూడలిలో అయితే మరీ ఘోరం. మూల మీద భవనం అడ్డుండడంతో అటు కారుకి ఇటు కారు వినపడదు, ఇద్దరూ ఛానెల్ ఖాళీ అనుకుని ఒకేసారి మాట్లాడతారు, కూడలి మధ్యలో ఉన్న కారుకి ఇద్దరి మాటా అర్థం కాదు.

యూరప్ ప్రమాణంలో దీనికి ఉన్న జవాబు చూసి ముచ్చటేసింది. కారు గుడ్డిగా సెకనుకి పదిసార్లు అరవక్కర్లేదు. కిందటి మెసేజ్ తర్వాత నాలుగు మీటర్లకి మించి కదిలినా, దిశ నాలుగు డిగ్రీలకి మించి మారినా, వేగం సెకనుకి అర మీటరుకి మించి మారినా అప్పుడు పంపాలి. ఏమీ మారకపోయినా సెకనుకి ఒకసారి, ఎంత మారినా పదిసార్లకి మించకూడదు. జామ్‌లో పాకుతున్న కారు చెప్పిన స్థానం అంత త్వరగా పాతబడదు, హైవే మీది కారుది ఇట్టే పాతబడుతుంది. కారులో ఓబీడీ ప్రశ్నలకి నేను వాడిన సూత్రం ఇక్కడ ప్రమాణం రూపంలో కూర్చుని ఉంది. ఈ నియమం పెట్టగానే నా కూడలిలో ఛానెల్ రద్దీ చాలా తగ్గింది, రాలిపోయే మెసేజ్‌లూ తగ్గాయి. భవనం మూల సమస్య మాత్రం పూర్తిగా పోలేదు.

తాళాలు

2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు నిపుణులు ఇంట్లో కూర్చుని, సెల్యులార్ నెట్‌వర్క్ గుండా, రోడ్డు మీద పోతున్న జీప్ చెరోకీ లోపలికి దూరి చూపించారు. 14 లక్షల వాహనాలని వెనక్కి పిలవాల్సి వచ్చింది. నేను కారుకి మోడెమ్ తగిలిస్తున్నానంటే అలాంటి తలుపు ఇంకోటి పెడుతున్నట్టే.

అందుకే క్లౌడ్ నుంచి వచ్చే ఏ మెసేజ్ కూడా క్యాన్ వైపు పోయే దారి ప్రోగ్రాములో పెట్టలేదు. క్యాన్ మీద రాసే పని ఒక్క చిన్న ప్రాసెస్‌దే, దాన్లో అనుమతి ఉన్న ప్రశ్నల జాబితా కంపైల్ చేసేసి ఉంటుంది. ఓబీడీ అడగక్కర్లేని ప్రయోగాల్లో క్యాన్‌ని లిసెన్-ఓన్లీ మోడ్‌లో పెడతాను, అప్పుడు చిప్ కనీసం అక్‌నాలెడ్జ్ బిట్ కూడా వేయదు. ఒక్కో కారుకి ఒక్కో సర్టిఫికెట్, బ్రోకర్‌లో ఆ కారు తన టాపిక్‌లో తప్ప ఎక్కడా రాయలేదు.

కారు జాడ కూడా తక్కువ విషయం కాదు. ప్రతి ప్రయాణంలో మొదటి, చివరి ముక్కలు కత్తిరించాకే మ్యాప్ మీదికి పంపుతున్నాను, లేకపోతే ఎవరు ఎక్కడుంటారో ఒక్క వారంలో తెలిసిపోతుంది. కారు నుంచి కారుకి పోయే మెసేజ్‌లలో అయితే సంతకాలకి వాడే సర్టిఫికెట్లని తరచూ మారుస్తూ ఉండాలని ప్రమాణాలే అంటున్నాయి. అది నా సిమ్యులేషన్‌లో ఇంకా లేదు. సంతకం, సర్టిఫికెట్ చేరితే మెసేజ్ ఇంకా బరువవుతుంది, నా 300 బైట్ల లెక్క అక్కడ మళ్లీ తిరగరాయాలి.

ఇప్పటికి

ఇంధనం, ఎర్రర్ కోడ్‌లు, ప్రయాణాల చరిత్ర క్లౌడ్‌లో ఉన్నాయి, నిక్షేపంగా నడుస్తున్నాయి. రోడ్డు ముందు పరిస్థితి చెప్పే హెచ్చరికలు దగ్గరి సర్వర్‌కి మార్చాను. బ్రేకు హెచ్చరికని క్లౌడ్ నుంచి తీసేశాను. బావ కారులో ఆ బజర్ ప్రస్తుతానికి మూగగా ఉంది, ఆలస్యంగా మోగే బజర్ కంటే అదే నయమని ఇద్దరం ఒప్పుకున్నాం.

తర్వాతి పని సిమ్యులేషన్‌లో సీ-వీ2ఎక్స్ నమూనా చేర్చడం. అందులో కారు ముందు కాసేపు విని, ఖాళీగా కనిపించిన గాలి ముక్కని కొంతకాలం తనకి రిజర్వ్ చేసుకుంటుంది. ఇద్దరు ఒకే ముక్క ఎంచుకుంటే ఆ ఢీకొట్టడం ఒక్కసారితో పోదు, మళ్లీ ఎంచుకునేదాకా వరసగా జరుగుతుంది. అదే కూడలి, అవే భవనాలు, అవే కార్లు పెట్టి, రెండు వంశాల్లోనూ తొంభైతొమ్మిదో స్థానం దగ్గర మెసేజ్ వయసు ఎంతుందో పక్కపక్కన గీయాలి.